పసుపుకు ఎండ, సిగురుకు నీడ

కోరుట్ల, మెట్‌పల్లి పక్క ఊళ్లలో ఫాల్గుణం వచ్చిందంటే కల్లాల నిండా పసుపే. ఉడకబెట్టిన కొమ్ములు పది పదిహేను రోజులు ఎండలో పడి ఉండాలి. చేత్తో విరిస్తే టక్కున విరగాలి. అప్పుడే అవి మార్కెట్‌కు బండెక్కుతాయి. ఆ కల్లం గట్టు మీద చింతచెట్టు ఉంటే, ఇంచుమించు ఆ రోజుల్లోనే అది ముదురాకు రాల్చుకుని కొత్త చిగురుకు సిద్ధమవుతుంది. మా బాపమ్మ ఒక కన్ను పసుపు మీద, ఒక కన్ను చెట్టు మీద ఉంచేది. "పసుపుకు ఎండ, సిగురుకు నీడ. మతి తప్పి తారుమారు చేసినవనుకో, రెండూ పాడే బిడ్డా" అనేది. చింతచిగురు గురించి రాయాలని కూర్చున్నప్పుడల్లా నాకు ముందు ఆ మాటే గుర్తొస్తుంది.

చింతచిగురు వచ్చినప్పుడు అంతా ఒక్కసారే వస్తుంది. పెద్ద మాను ఒక్కటి చిగురిస్తే వాడకట్టంతా వండుకున్నా మిగులుతుంది. ఉగాది నాటికి కొమ్మలు కళకళలాడతాయి, రోహిణి ఎండల దాకా లేతదనం దొరుకుతుంది, మృగశిర చినుకులు పడేసరికి చాలా కొమ్మల మీద ఆకు ముదిరిపోతుంది. తినడం, పంచడం, అమ్మడం, దాచడం అన్నీ ఆ కొన్ని వారాల్లోనే జరగాలి. జగిత్యాల, సిరిసిల్ల పల్లెల ఆడవాళ్ల చేతుల్లో దీనికోసం ఒక పూర్తి విద్య ఉంది. కూరగాయలు కొనలేనివాళ్ల తిండి అని దీన్ని పక్కన పెట్టేసేవాళ్లు ఆ విద్యను ఎన్నడూ దగ్గర కూర్చుని చూడలేదని నా నమ్మకం.

కోత దగ్గరే ఆ చదువు మొదలవుతుంది. చెట్టెక్కగలిగినవాళ్లు ఎక్కి రెమ్మలు తుంచి కిందికి వేస్తారు, ఎక్కలేనివాళ్లు దోటితో లాగుతారు. మొదట తొంగిచూసే మొగ్గ కాస్త ఎర్రటి ఛాయతో ముడుచుకుని ఉంటుంది. దాన్ని ముట్టరు. అది విప్పారి లేత ఆకుపచ్చగా మారి, వేళ్ల మధ్య నలిపితే పీచు తగలకుండా నలిగే రోజు కోస్తారు. బాపమ్మ నలిపి కూడా ఊరుకునేది కాదు. ఒక్క రెబ్బ కొరికి, కాసేపు నాలుక మీద ఉంచుకుని, అప్పుడు తల ఊపేది. చెట్టుచెట్టుకూ పులుపు వేరు. చెరువు కింది చెట్టు చిగురుకీ, చెలక గట్టు మీద చెట్టు చిగురుకీ తేడా ఆమెకు కళ్లు మూసుకున్నా తెలిసేది.

ఇంకో కట్టుబాటు ఉండేది. ఒక్క చెట్టును నున్నగా దూయకూడదు. చింత పూసేది కొత్త రెమ్మల మీదే. రెమ్మలన్నీ కూరగంజులోకి పోతే పూత ఉండదు, పూత లేకపోతే వచ్చే ఏడు ఉగాదికి కొత్త చింతపండు ఉండదు. అందుకని ఈ ఏడు తూర్పు పక్క కొమ్మలు కోస్తే వచ్చే ఏడు పడమటి పక్కవి. మేం ఆశపడి ఇంకో రెమ్మ లాగబోతే "ఇగ సాలు, చెట్టుకూ ఉంచాలె" అని దోటి లాక్కునేది.

కోసుకొచ్చిన చిగురును ఒక్కో ఆకూ గిల్లుతూ కూర్చుంటే తెల్లారిపోతుంది. ఒక్కో ఈనెకు పది నుంచి ఇరవై జతల చిట్టి ఆకులు. గుప్పెడు తీసుకుని రెండు అరచేతుల నడుమ మెత్తగా నలుపుతారు. ఆకులు రాలి చాటలో పడతాయి, ఈనెలు చేతిలో మిగులుతాయి. గట్టిగా నలిపితే రసం కారి చిగురు నల్లబడుతుంది, మరీ మెల్లగా నలిపితే ఈనె వదలదు. తర్వాత చాటలో పోసి చెరిగితే మిగిలిన పుల్లలు ముందుకొస్తాయి. ఈ ప్రాంతంలో బీడీలు చుట్టే ఆడవాళ్లు ఎందరో. తునికాకును కత్తిరించి, తంబాకు పోసి, దారం చుట్టే ఆ వేళ్లకు చిగురు నలపడం చాలా తేలిక. నలుగురు ఒక అరుగు మీద కూర్చుంటే గంప చిగురు మాటల్లోనే అయిపోయేది. తంబాకు చాట వేరు, కూర చాట వేరు. ఆ రెండూ కలిస్తే మాత్రం ఇంట్లో పెద్ద గొడవే.

ఇక వండటం. చింతచిగురు పప్పు అందరికీ తెలుసు, సరిగ్గా వండేవాళ్లు తక్కువ. కందిపప్పు, చిగురు కలిపి కుక్కర్‌లో పెట్టి మూత బిగిస్తే పప్పు పలుకుపలుకుగా మిగిలిపోతుంది. పప్పుగింజ గోడలను కట్టి ఉంచే పెక్టిన్ పులుపులో తొందరగా కరగదు. అందుకే పాతకాలపు పద్ధతి పప్పు మెత్తగా ఉడికించి, ఎనిపాక చిగురు వేయమంటుంది. చిగురు వేసేది కూడా పచ్చిగా కాదు. పెంక మీద చుక్క మంచినూనెలో ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయలు మగ్గించి, అందులో చిగురు వేస్తే నిమిషంలో పచ్చదనం పోయి గోధుమరంగుకు తిరుగుతుంది. ఆ రంగు తిరిగినప్పుడు వచ్చే వాసనే గుర్తు. వెంటనే పప్పులో కలిపి, రెండు పొంగులు రానిచ్చి, ఎల్లిపాయ, జీలకర్ర, ఎండుమిరపకాయతో పోపు పెట్టి దించేయాలి. ఎక్కువసేపు మరిగితే పులుపు ఉంటుంది, వాసన పోతుంది. ఇందులో టమాటా వేయడం నాకు నచ్చదు. టమాటా పులుపు నీళ్లలా పరుచుకుని చిగురు పులుపును మింగేస్తుంది. పాళ్లకు తూకం లేదు. తవ్వెడు పప్పుకు రెండు గుప్పిళ్లన్నా, ఎవరి గుప్పిట్లో ఎంత పడుతుందో వాళ్లకే తెలియాలి. సిల్వర్ (అల్యూమినియం) గంజులో ఈ పప్పును రాత్రంతా వదిలేయడం కూడా తప్పే, పులుపు ఆ లోహాన్ని తింటుంది. మట్టి అటికెలో వండితే ఆ బాధ లేదు.

యాటకూరలోనూ చిగురుది చివరి వరసే. మాంసం కారం, పసుపు, అల్లం ఎల్లిపాయ ముద్దతో ముప్పాతిక వంతు ఉడికాక, చిగురును చేత్తో నలిపి చల్లి, చిన్న మంట మీద పది నిమిషాలు వదిలేస్తారు. కొవ్వు ఎంత ఉన్నా నాలుకకు జిడ్డు తగలదు. మసాలా తగ్గించాలి. కుడుక, గసాలు దట్టంగా పడితే చిగురు ఎందుకు వేశామో అర్థం కాదు. నన్నడిగితే యాటకూర కన్నా బోటికూరకు చిగురు ఇంకా బాగా నప్పుతుంది. ఎండురొయ్యలతో అయితే ఈ రెండింటినీ మించిన జత. రొయ్యలను పొడిపెంక మీద వేయించి, తలలూ తోకలూ నలిపి తీసేసి, వేడినీళ్లలో కడిగి వండాలి. నీచు వాసనకు కారణమైన అమైన్లను పులుపు అణచేస్తుంది. ఆ రసాయనం పేరు తెలియకుండానే ఆ జతను కుదిర్చినవాళ్లు మన వంటిళ్లలో ఉన్నారు.

నూరుడు తొక్కు గురించి రెండు మాటలు చాలు. వేయించిన నువ్వులో పల్లీలో, పచ్చిమిరపకాయలు, ఉప్పు రోట్లో దంచి, మగ్గిన చిగురు చివర వేసి రెండు పోట్లు వేయడమే. మెత్తగా రుబ్బితే బంక సాగుతుంది. మక్కగటక మీదికి ఇంతకన్నా మంచి నంజుడు నాకు తెలియదు.

నాకు ఎక్కువ అక్కర ఉన్నది దాచే విద్య మీద. ఇంటినిండా చిగురు పడి ఉన్నప్పుడు పెద్దలు చేసిన ఏర్పాటు అది, ఇప్పుడు అదే ముందుగా మరుగునపడుతోంది. ఎండబెట్టే చిగురును పొద్దున మంచు ఆరాక కోస్తారు. తడి ఉంటే బూజు పడుతుంది. ఒకవేళ దుమ్ము కడగాల్సి వస్తే, కడిగిన నీరంతా ఓడ్చి, పాత నూలుచీర మీద గాలికి ఆరనిచ్చాకే నలుపుతారు. తర్వాత నులకమంచం మీద ఆ చీర పరిచి, పలుచగా చల్లి, పందిరి కిందో వసారాలోనో ఉంచుతారు. మంచం కింది నుంచి కూడా గాలి ఆడుతుంది కాబట్టి తిరగేసే పని తక్కువ. మా వైపు ఏప్రిల్, మే గాలి ఎంత పొడిదంటే, రెండు మూడు రోజుల్లో ఆకు గలగలమంటుంది. ఎండలో పెడితే ఒక్క పూటలోనే అయిపోతుందన్నది నిజమే. అయితే ఎండ ఆకుపచ్చను విరగ్గొట్టి గడ్డిరంగు చేస్తుంది, వాసనను గాల్లో కలిపేస్తుంది. మిగిలేది వట్టి పులుపు. పులుపే కావాలనుకుంటే చింతపండు ఉండనే ఉంది కదా.

గుప్పిట పట్టి నలిపితే పొడి అవ్వాలి, మెత్తగా వంగితే ఇంకో పూట ఆగాలి. అలా ఆరినదాన్ని జాడీలో నింపి, మూతికి గుడ్డ కట్టి, తడి చెయ్యి పెట్టకుండా వాడుకుంటే వానకాలం, చలికాలం గడిచిపోతాయి. పచ్చి చిగురులో ఉండే సి విటమిన్ ఎండినదాంట్లో చాలావరకు నిలవదు. రుచి కోసం దాచుకునేది అని చెప్పుకోవడమే నిజాయతీ. వండేముందు గోరువెచ్చని నీళ్లలో కాసేపు నాననిస్తే ఆకు మళ్లీ విచ్చుకుంటుంది. ఆ నానిన నీళ్లు పారబోయొద్దు, పప్పులోకే పోయాలి.

ఎండు చిగురుతో పొడి కూడా కొడతారు. ఎండుమిరపకాయలు, ధనియాలు, జీలకర్ర, నువ్వులు విడివిడిగా వేయించి, పొయ్యి దించాక ఆ వేడి పెంక మీదే చిగురును ఒకసారి తిప్పి, ఎల్లిపాయ, ఉప్పుతో దంచుతారు. సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) మీద పన్నెండు గంటల పని చేసేవాళ్ల సద్దిలో ఈ పొడి కలిపిన అన్నం ఉండేది. పులుపు పట్టిన అన్నం ఎండాకాలం మధ్యాహ్నం దాకా వాసన రాకుండా ఆగుతుంది. చింతకూ నేతకూ ఉన్న చుట్టరికం సద్దితో అయిపోలేదు. చింతగింజల పప్పును పిండి కొడితే నీళ్లలో చిక్కటి జిగురవుతుంది. నూలు పోగులు మగ్గం మీద తెగకుండా పట్టించే గంజికి ఆ పిండి వాడతారు.

ఈ నేల మనుషులు ఎక్కడికి పోతే చిగురు అక్కడికి పోయింది. పద్మశాలి కుటుంబాలు బతుకుదెరువుకు భివండికి, సూరత్‌కు వెళ్లినప్పుడు మూటల్లో పోయింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి దుబాయికి, సౌదీకి, మస్కట్‌కు వెళ్లినవాళ్ల పెట్టెల్లో మామిడికాయ తొక్కు సీసా పక్కన ఎండు చిగురు పొట్లం ఉంటుంది. బరువు లేదు, నూనె కారదు, కస్టమ్స్ వాళ్లు తెరిచినా గరగరలాడే ఆకే కనబడుతుంది. అక్కడి కొట్లలో చింతపండును 'తమర్ హిందీ' అంటారు. భారతదేశపు ఖర్జూరం అని అర్థం. చెట్టు పుట్టిల్లు ఆఫ్రికా అని వృక్షశాస్త్రం చెబుతున్నా, అరబ్బులకు అది మన పండే. ఆకును మాత్రం వాళ్లు వండరు. ఆకు వండేవాళ్లు తూర్పున ఉన్నారు. బర్మాలో లేత చింతాకును పల్లీలు, ఉల్లి వేసి పచ్చిగానే కలుపుకుని తింటారు, ఫిలిప్పీన్స్‌లో కోడిపులుసును చింతచిగురుతో కాస్తారు. లేబర్ క్యాంపు గదిలో ఫిలిప్పీన్స్ మనిషితో పొయ్యి పంచుకున్న మా ఊరి తమ్ముడొకడు ఫోన్లో చెప్పాడు: "అన్నా, వాడు నా పొట్లం వాసన చూసి గుర్తుపట్టిండు." ఆ రాత్రి ఇద్దరూ కలిసి కోడికూర వండుకున్నారట.

ఇక్కడేమో చెట్లు తగ్గిపోతున్నాయి. రహదారులు వెడల్పు చేసిన ప్రతిసారీ ముందు పోయేది అటూ ఇటూ నిలబడ్డ ముసలి చింతలే. మధ్య మానేరు జలాశయం కింద మునిగిన ఊళ్లలో ఒకదాని పేరే చింతల్‌ఠాణా. ఇళ్లకు పరిహారం లెక్క కట్టొచ్చు. ఏ చెట్టు చిగురు ఎంత పులుపో తెలిసిన నాలుకకు ఏ లెక్క కడతారు? గింజ నాటితే కాపుకు ఎనిమిది పదేళ్లు పట్టే చెట్టు ఇది. 2015లో మొదలైన హరితహారం మొక్కల్లో చింత కూడా ఉండేది. ఊరికి పది చింతలను బతికించి పెంచితే చాలని నా కోరిక. ఈలోగా హైదరాబాద్ బజారులో చిగురు ధర కోడిమాంసాన్ని దాటిన రోజులు చూస్తున్నాం. ధర చూసి చెట్టును నున్నగా దూసేవాళ్లూ తయారయ్యారు. నన్ను అన్నిటికన్నా భయపెట్టేది అదే.

ఏటా మృగశిర కార్తె రోజు ఇంట్లో చేపలు ఉడుకుతుండగా బాపమ్మ చివరిసారి చెట్టు కిందికి పోయేది. వంగిన కొమ్మ నుంచి ఒక రెబ్బ తెంపి కొరికి, పీచు నోట్లో తగలగానే ఉమ్మేసేది. "ముదిరింది. ఇగ పువ్వుకు ఇడిసిపెడదాం" అని వెనక్కి తిరిగేది. వసారాలో మంచం మీది చీర దులిపి మడతపెట్టి, సీజను మొత్తం మూలన పోగుపెట్టిన ఎండు ఈనెలను గంపకెత్తి, మేకల ముందు గుమ్మరించేది.