కణానికి కాలు మోపే చోటు

దెబ్బతిన్న కంటికి కణాలు పెంచడానికి ఉమ్మనీటి పొరను పరిచేటప్పుడు ఏ వైపు పైకి ఉండాలో ముందు చూసుకోవాలి. సిజేరియన్ అయిన తల్లి అనుమతితో మావి నుంచి ఒలిచి, హెచ్ఐవీ, హెపటైటిస్ పరీక్షలు చేసి, గడ్డకట్టించి దాచిన పొర అది. దాని మీది పాత కణాలను ఎంజైముతో వదులు చేసి మెల్లగా గీకేయాలి. చెయ్యి బరువైతే పొర చిరుగుతుంది. తర్వాత రోగికి బాగున్న కంట్లో నల్లగుడ్డూ తెల్లగుడ్డూ కలిసే అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీసుకుని, సన్నగా తరిగి, ఆ పొర మీద పెడతారు. పోషక ద్రవం గబుక్కున పోస్తే ముక్కలు లేచి తేలిపోతాయి, ముందు అవి అంటుకోవాలి. ఇంక్యుబేటర్లో 37 డిగ్రీల దగ్గర 10 నుంచి 14 రోజులు ఉంచితే కణాలు ముక్కల చుట్టూ పాకి, ఒకదానితో ఒకటి కలిసి పలుచగా పరుచుకుంటాయి.

మన ఒంట్లోని కణాల్లో చాలావాటికి తిండి ఒక్కటే చాలదు, ఆనుకోవడానికి చోటు కావాలి. నెదర్లాండ్స్‌లో వాన్ వెజెల్ అనే శాస్త్రవేత్త 1967లో ఆ చోటును సన్నని పూసల మీద చూపించాడు. పూసల మీద కణాలను పెంచుతూ ద్రవాన్ని నెమ్మదిగా కలుపుతుంటే, పెద్ద పాత్రంతా పొలమైపోతుంది. పోలియో టీకా తయారీకి ఆ పద్ధతి ఎంతో ఉపయోగపడింది. కంటికి మాత్రం పూసలు పనికిరావు, పొరే కావాలి. కణాలతో పాటు దాన్ని కూడా ఎత్తి కంటి మీద కుట్టేయవచ్చు.

బంజారా హిల్స్ రోడ్ నంబర్ 2లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో 2001 నుంచి ఈ పని చేశారు. ‘మిస్సమ్మ’ తీసిన ప్రసాద్ గారి కుటుంబం ఐదెకరాల స్థలం, కోటి రూపాయలు ఇవ్వగా డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో మొదలుపెట్టిన సంస్థ ఇది. ఈ కొండల మీద సినిమా సొమ్ముతో లేచినవాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది.

ఈ చికిత్సకు వచ్చేవాళ్ళలో చాలామంది కళ్ళలో యాసిడ్ పడి ఉంటుంది, లేదా సున్నం. పొగాకులో కలుపుకునే సున్నం ప్యాకెట్టును పిల్లలు నొక్కి ఆడుకుంటుంటే పగిలి కంట్లో చిమ్ముతుంది. నల్లగుడ్డు అంచులోని మూలకణాలు చచ్చిపోతే దాని మీదికి రక్తనాళాలు పాకి చూపు మూసుకుపోతుంది. వేరేచోట్ల ఈ కణాలను పెంచడానికి ఎలుక కణాలు, దూడ సీరం వాడేవారు. డాక్టర్ వీరేందర్ సంగ్వాన్, డాక్టర్ గీత వేముగంటి బృందం ఆ రెండూ లేకుండా, రోగి రక్తం నుంచి తీసిన సీరంతోనే పెంచింది. 2011లో ప్రచురించిన పదేళ్ల లెక్క ప్రకారం 200 మందిలో 71 శాతం మందికి కంటి ఉపరితలం నిలబడింది.

ఆ మరుసటి సంవత్సరమే డాక్టర్ సంగ్వాన్ బృందం ప్రయోగశాల అక్కర్లేని దారి చూపించింది. నారు పోసి నాటడం మాని నేరుగా విత్తు వెదజల్లినట్టు, అంచు నుంచి తీసినదాన్ని ఎనిమిదో పదో ముక్కలు చేసి, కంటి మీదే పరిచిన ఉమ్మనీటి పొరకు జిగురుతో అంటించి వదిలేశారు. కణాలు అక్కడే పాకాయి. ఖర్చు బాగా తగ్గింది, ప్రయోగశాల లేని ఊళ్ళోనూ చేయవచ్చు. ఏళ్ల తరబడి సాధించుకున్న నైపుణ్యాన్ని రోగి కోసం పక్కన పెట్టగలగడం నాకు ఆ నైపుణ్యం కంటే గొప్పగా అనిపిస్తుంది.

అయితే ఈ దారికి ఒక కన్నయినా బాగుండాలి. రెండూ కాలిపోయినవాళ్ళకు బుగ్గ లోపలి కణాలను పెంచి అతికించే పద్ధతి ఉంది. అలా పెరిగిన పొర కన్ను సొంత పొరంత స్వచ్ఛంగా ఉండదు. వాళ్ళ కోసం ఇంక్యుబేటర్లు ఇంకా వెలుగుతూనే ఉండాలి.