వట్టికోట ‘జైలు లోపల’ కథలు: దిద్దుబాటు శిక్షణ దృష్టితో ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

నల్లగొండ జిల్లా నకిరేకల్ ప్రాంతంలోని మాధవరంలో 1915లో జన్మించిన వట్టికోట ఆళ్వారుస్వామిని తెలుగు విమర్శ ప్రధానంగా ‘ప్రజల మనిషి’ నవలాకారుడిగానే చూసింది. ‘జైలు లోపల’ కథాసంపుటి ప్రస్తావన వచ్చినప్పుడు కూడా అది తెలంగాణ పోరాట సాహిత్యంలో ఒక భాగంగానే పరిగణన పొందింది. ఈ వర్గీకరణ తప్పు కాదు కానీ చాలదు. ఆ కథలలోని మనుషులు ఎక్కువగా ఉద్యమకారులు కారు, సాధారణ నేరాలకు శిక్ష అనుభవించే ఖైదీలు. అందుచేత ఈ సంపుటిని పోరాట చరిత్రకు అనుబంధంగా కాక, నేరానికీ దిద్దుబాటుకూ సంబంధించిన రచనగా చదవాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

శీర్షికలలోని సిద్ధాంతం

‘పరిసరాలు’, ‘విధిలేక’, ‘అవకాశమిస్తే’, ‘పతితుని హృదయం’, ‘మెదడుకు మేత’, ‘బదనిక’ అనే పేర్లను వరుసగా పెట్టి చూస్తే ఒక వాదం రూపుకడుతుంది. మొదటి రెండూ నేరానికి మూలాన్ని వ్యక్తి స్వభావంలో కాక అతని చుట్టూ ఉన్న బతుకులో వెతుకుతాయి. ‘అవకాశమిస్తే’ అన్నది అసంపూర్ణ వాక్యం. అవకాశం ఇవ్వవలసిన కర్త ఎవరో చెప్పకుండా ఆ బాధ్యతను పాఠకుడి మీదనే ఉంచుతుంది. ‘మెదడుకు మేత’ అన్న మాట 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిన మనిషి నుంచి రావడం సహజమే. బాల్యంలో పరాయి ఇంట పనిచేసుకుంటూ, తరువాత హోటలు కొలువులో ఉంటూ అక్షరం సంపాదించుకున్నవాడికి పుస్తకం అలంకారం కాదు.

ఈ దృష్టి ఆయనకు గ్రంథాల నుంచి వచ్చింది కాదు. క్విట్ ఇండియా కాలంలోనూ, తిరిగి సాయుధ పోరాట కాలంలోనూ ఆయన జైలు జీవితం గడిపారు. నిజామాబాదు జైలులో దాశరథి ఆయన సహచరుడు, తన ‘అగ్నిధార’ను ఆయనకే అంకితమిచ్చారు. ఆ జైలు గోడల మీది పద్యాలను అందరూ తలుచుకుంటారు. ఆ గోడల మధ్య మిగిలిన ఖైదీలను తలుచుకునేవారు తక్కువ.

న్యాయస్థానం అదే మాట అన్నప్పుడు

1977లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక మోసం కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తి వి.ఆర్. కృష్ణయ్యర్ నేరస్థుడిని చికిత్స అవసరమైన మనిషిగా చూడాలని వాదించి, శిక్షను తగ్గించి, జైలులో అతని మనోవికాసానికి తగిన పని కల్పించాలని ఆదేశించారు. కృష్ణయ్యర్ కూడా 1948లో కొంతకాలం నిర్బంధంలో ఉన్నవారే. లోపలి నుంచి చూసినవారి చూపు ఎంత వేరుగా ఉంటుందో ఈ ఇద్దరి పోలిక తెలుపుతుంది.

అయితే జైలు సిబ్బందికి ఆ చూపు ఎలా అబ్బుతుంది? 1980–83 నాటి జస్టిస్ ముల్లా కమిటీ జైలు ఉద్యోగాన్ని కాపలా పనిగా కాక ప్రత్యేక వృత్తిగా గుర్తించి శిక్షణ ఇవ్వాలని కోరింది. వేలూరులో దక్షిణాది రాష్ట్రాల అకాడమీ, హైదరాబాదు చంచల్‌గూడలో రాష్ట్ర దిద్దుబాటు పాలనా శిక్షణ సంస్థ ఉన్నాయి. నేరశాస్త్రం, మనస్తత్వశాస్త్రం అక్కడ పాఠ్యాంశాలే. కానీ 1894 నాటి జైళ్ల చట్టం క్రమశిక్షణను కేంద్రంగా పెట్టుకున్నది. 2023లో కేంద్రం నమూనా చట్టాన్ని రూపొందించేదాకా శిక్షణ ఒక భాష, చట్టం మరొక భాష మాట్లాడుతూ వచ్చాయి. వార్డరుగా చేరే తెలుగు యువకుడికి ‘పరిసరాలు’ వంటి కథ పాఠంగా పెట్టడం వల్ల ఖర్చేమీ పెరగదు.

సంపుటి పరిమితి

ఆళ్వారుస్వామిని పొగడి ఊరుకోవడం ఆయనకు న్యాయం కాదు. ఆయన రాజకీయ ఖైదీ. విడుదలైన నాడు ఆయన కోసం సహచరులూ సంఘాలూ ఎదురుచూస్తాయి. దొంగతనం కేసులో వచ్చినవాడికి గేటు బయట ఆ స్వాగతం ఉండదు. శీర్షిక సూచించినట్లే రచయిత దృష్టి ప్రధానంగా ‘లోపల’ మీదనే నిలిచింది. పునరావాసమనే అసలు సమస్య గేటు దాటాకనే మొదలవుతుంది.

మరొక పరిమితి కాలం తెచ్చిపెట్టింది. శిక్ష పడినవాడి మార్పు గురించి ఈ కథలు ఆలోచిస్తాయి. నేడు లోపల ఉన్నవారిలో అధికులకు శిక్షే పడలేదు. 2022 చివర దేశంలోని 5,73,220 మంది ఖైదీలలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. వారి చేత పని చేయించే అధికారం జైలుకు లేదు గనుక వృత్తి శిక్షణ ప్రణాళికలు ఎక్కువగా వారిని దాటిపోతాయి. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లా జైళ్ల వంటి చోట్ల ఈ ప్రశ్న మరింత సూటిగా ఎదురవుతుంది. పాలమూరు వలస కూలీ పరాయి ఊళ్లో అరెస్టయితే జామీను ఎవరిస్తారు? 1978లో మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తాపీ మేస్త్రీకి 10,000 రూపాయల పూచీకత్తు అడిగి, అతని సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉన్నదని మెజిస్ట్రేటు జామీను తిరస్కరించినప్పుడు, ఆ పద్ధతిని తప్పుపట్టినదీ కృష్ణయ్యరే. ‘విధిలేక’ అన్న మాటకు ఇక్కడ అర్థం మారుతుంది: అది నేరానికి కారణం కాదు, నేరం రుజువు కాకుండానే లోపల ఉండిపోవడానికి కారణం. ఈ మనిషి మీద కథ రాయడం ఆళ్వారుస్వామి తరువాతి తెలంగాణ కథకులకు మిగిలిన పని.