చిత్రకథయందుఁ గర్తృత్వవిచారము

బొమ్మలకథ బాలురకే తగునను తలంపు మనలోఁ బలువురకుఁ గలదు. ‘వీ ఫర్ వెండెట్టా’ యను నాంగ్లచిత్రకథను జదివినవారి కా తలంపు నిలువదు. దీని రచయిత ఆలన్ మూర్. చిత్రకారుఁడు డేవిడ్ లాయిడ్. 1982లో ‘వారియర్’ అను పత్రికలోఁ బ్రారంభమై, ఆ పత్రిక నిలిచిపోవుటచే నసంపూర్ణముగ నుండి, 1988-89లో డీసీ సంస్థవారి ప్రకటనమునఁ బూర్తియైనది. అణుయుద్ధానంతర మింగ్లాండును ‘నార్స్‌ఫైర్’ అను పక్షము నిరంకుశముగ నేలుట, ముసుఁగు దాల్చిన యొకఁడు దానిని గూల్చుట యిందలి యితివృత్తము.

రాజ్యశాఖల పేళ్లు గమనింపఁదగినవి. ప్రజలను గనిపెట్టి చూచువారు నేత్రము, చాటుగ వినువారు శ్రోత్రము, నేరములఁ బరిశోధించువారు నాసిక, దండించువారు అంగుళి, ప్రచారము సేయువారు వక్త్రము. ఇట్లు రాజ్యమునకు శరీరము కల్పింపఁబడఁగా, లార్క్‌హిల్ నిర్బంధశిబిరమందలి మనుష్యులకు గదుల సంఖ్యలు మాత్రము మిగిలినవి. నాయకుని ‘వీ’ యను పేరును అయిదవగది రోమకసంఖ్యయే.

స్వతంత్రుఁడైనవాఁడే కర్త యని పాణినీయుల మతము. ఈ కథయందలి పీడన మంతయు నా స్వాతంత్ర్య మొక్కొక్క మనుష్యునినుండి యెట్లు హరింపఁబడినదో చూపుటయే. రోజ్‌మేరీ యను స్త్రీ యధికారి భార్య. భర్తచేఁ గొట్టఁబడినది, వాఁడు చంపఁబడఁగా నిరాధార యయ్యెను, పొట్టకూటికి నాట్యశాలఁ జేరి యవమానింపఁబడినది. అంతటను కర్మయే. తుదకు రాజ్యాధినేతను దుపాకితోఁ గాల్చినది నాయకుఁడు గాదు, ఈమె.

లాయిడ్ పాత్రల తలంపులను మేఘాకృతులలో వ్రాయు వాడుకను, ధ్వన్యనుకరణపదములను విడిచిపెట్టినాఁడు. అనుభావములచేతనే భావ మూహింపవలయును. నాయకుని ముఖమున మాఱని నవ్వుగల ముసుఁగుండుటచే, నచట మేని నిలుకడయు నీడయే యాధారములు. నటులకును దుష్కరమైన యభినయ మిది!

వాలెరీ లేఖ యీ కృతికిఁ బ్రాణము. ఆమె నటి, స్త్రీని బ్రేమించుటయే యామె నేరము. చెఱలో మఱుఁగుదొడ్డి కాగితముపైఁ బెన్సిలుతోఁ దన జీవితమును వ్రాసినది. బడిచదువు, తలిదండ్రుల తిరస్కారము, నటించిన చిత్రము, చెలితోఁ గూడి పెంచిన గులాబులు. హింసావర్ణన మించుకయే. పోయినదేదో ముందు చూపిన పిదపఁగదా కరుణము పుట్టుట.

ఇఁక దోషము. ఈవీ యను బాలిక చెఱపడి, తల గొఱిగింపఁబడి, పస్తులుంపఁబడి, యా లేఖను జదివి మరణభయమును జయించును. లేఖ నిజమే, ఆ చెఱ మాత్రము ప్రభుత్వముది కాదు, వీ కల్పించినది. ఆమెకు స్వేచ్ఛ నేర్పుట కట! స్వాతంత్ర్యమును ణిజంతముగఁ బ్రయోగింపవచ్చునా? పీడకుని సాధనములనే గొని యొకరిఁ గర్తను జేసినచోఁ బ్రయోజకకర్త వేఱొకఁడు నిలిచియే యుండును. సందేహము పాఠకునకు విడువఁబడినదని కొంద ఱందురు. ఈవీ కోపించుటయుఁ గలదు. కాని యా కోపము శీఘ్రముగనే కృతజ్ఞత యగుట నాకు సమ్మతము గాదు. కథాంతమున నామె యా ముసుఁగు దాల్చి, డొమినిక్ అను రక్షకభటునిఁ దన నెలవునకుఁ గొనిపోవును. అతనికి నేర్పుటయు నా చెఱద్వారముననేనా యను ప్రశ్నకుఁ గృతిలో నుత్తరము లేదు.