ఇంత హుషారైన ఏడుపు

చాలా బ్లూగ్రాస్ పాటల్లో ఎవరో ఒకరు పోతారు. అమ్మ పోతుంది, ప్రేమించినమ్మాయి హత్యకి గురవుతుంది, వదిలొచ్చిన ఇల్లు పాడుబడుతుంది. తీరా బాణీ చూస్తే పెళ్ళి ఊరేగింపుకి పనికొచ్చేంత హుషారు. ఈ రెండూ ఎలా పొసుగుతాయన్నదే ఈ సంగీతంలో అసలు సంగతి. ఆరుబయట, వేలమంది మధ్య వింటే ఆ సంగతే చేజారిపోతుందని నా ఫిర్యాదు.

శాన్ ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ పార్కులో అక్టోబరు మొదట్లో మూడు రోజులు జరిగే ‘హార్డ్‌లీ స్ట్రిక్ట్‌లీ బ్లూగ్రాస్’ గురించి చెప్తున్నా. బే ఏరియాలో ఉద్యోగాలు చేసే నాలాంటి తెలుగువాళ్ళకి రైలు దిగి బస్సెక్కితే చేరిపోయే దూరం. వారెన్ హెల్‌మన్ అనే ఫైనాన్స్ ఆసామి, తనూ బాంజో వాయించేవాడు, 2001లో సొంత డబ్బుతో మొదలుపెట్టాడు. 2011లో పోయేముందు, తన తర్వాత కూడా నడిచేలా డబ్బు ఏర్పాటు చేసి వెళ్ళాడు. టికెట్ లేదు. జామాయిల్ చెట్ల వాసన, పక్క దుప్పటి మీంచి వచ్చే గంజాయి పొగ, చిప్స్ ప్యాకెట్ల చప్పుడు, స్టేజీ నుంచి స్టేజీకి నడిచే జనం. మొదట్లో పేరు ఉత్త ‘స్ట్రిక్ట్‌లీ బ్లూగ్రాస్’. వేరే సంగీతాల వాళ్ళూ చేరాక, ‘అబ్బే, అంత స్ట్రిక్టేం కాదు’ అన్నట్టు పేరు మార్చారు. ఆ నిజాయితీ నాకు నచ్చుతుంది.

ఇదేదో తాతలనాటి జానపదం అనుకుంటారు చాలామంది. కాదు, మన తెలుగు టాకీల కన్నా చిన్నది. కెంటకీ మనిషి బిల్ మన్రో 1939లో తన బ్లూ గ్రాస్ బాయ్స్ బృందంతో ‘గ్రాండ్ ఓల్ ఆప్రీ’ రేడియో కార్యక్రమంలో చేరాడు. 1945 చివర్లో ఎర్ల్ స్క్రగ్స్ మూడువేళ్ళ బాంజో వాయింపుతో వచ్చి కలిశాకే ఇప్పుడు మనం వినే రూపం కుదిరింది. డ్రమ్స్ ఉండవు. మాండలిన్ అనగానే మనకి పాలకొల్లు శ్రీనివాస్ గమకాలు గుర్తొస్తాయి. ఇక్కడ మాండలిన్ తీగల్ని టక్కున మీటి అంతలోనే నొక్కేస్తూ తాళం వేస్తుంది, అంటే డ్రమ్ము పని చేస్తుంది. మన కచేరీలో తని ఆవర్తనం ఒకసారి వస్తుంది. ఇక్కడ దాదాపు ప్రతి పాటలోనూ ఫిడేలుకీ బాంజోకీ మాండలిన్‌కీ తలా కొన్ని సెకన్ల వంతు. పాత పద్ధతిలో అయితే అందరికీ ఒకటే మైకు. వంతు వచ్చినవాడు ముందుకొస్తాడు, అవగానే పక్కకి తప్పుకుంటాడు.

బానిసలుగా తేబడిన ఆఫ్రికన్ల చేతుల్లో పుట్టి పెరిగిన వాద్యం బాంజో. దానికో లోపం ఉంది. మీటిన స్వరం ఎక్కువసేపు నిలవదు. డప్పులాంటి ఆ ఒంట్లో టంగుమని మోగి ఆరిపోతుంది. అందుకే వాయించేవాడు ఖాళీ రానీకుండా మీటుతూనే ఉండాలి. ఈ సంగీతపు వేగానికి ఒక కారణం అక్కడుందని నేననుకుంటా. గొంతేమో పై స్థాయిలో స్వరాన్ని పట్టుకుని వదలనంటుంది. కింద ఏదీ నిలవదు, పైన గొంతు వదలదు. కొండలు విడిచి ఒహాయో, మిషిగన్ ఫ్యాక్టరీలకి వలసపోయినవాళ్ళు ఈ పాటల్ని ఎందుకు పట్టుకు వేళ్ళాడారో అప్పుడర్థమవుతుంది. వీసా తేదీలు లెక్కపెట్టుకుంటూ బతికే నాకు ఇంకాస్త బాగా అర్థమవుతుంది.

పెద్ద స్టేజీకి దూరంగా కూర్చుంటే ఆ గొంతు అందదు. బాంజో గలగలే చేరుతుంది, జనం దానికే చప్పట్లు కొడతారు. పోయినసారి, అమ్మాయిని నదిలో ముంచి చంపే పాటకి నా పక్కనొకాయన బీరు పట్టుకుని గంతులేశాడు. తప్పు ఆయనది కాదు, ఆయన దాకా పాటలో సగమే వచ్చింది. తర్వాత ఒక చిన్న స్టేజీ మీద నలుగురు వాద్యాలు పక్కనపెట్టి, ఒకే మైకు చుట్టూ భుజాలు తాకేలా నిలబడి భక్తిపాట పాడారు. చిప్స్ చప్పుడు ఆగిపోయింది.

ఆరుబయలు వద్దనడం నా ఉద్దేశం కాదు. 1965లో వర్జీనియాలోని ఫిన్‌క్యాసిల్ దగ్గర, ఒక గుర్రాల ఫారంలో కార్ల్‌టన్ హేనీ కొన్ని రోజులపాటు బ్లూగ్రాస్ పండగ జరిపాడు. రాక్ అండ్ రోల్ దెబ్బకి కుదేలైన ఈ సంగీతాన్ని నిలబెట్టింది అలాంటి పండగలే. నేనడిగేది చిన్నది: రోజంతా ఒకే మైకుతో నడిచే స్టేజీ ఒకటి, దాని ముందు రెండొందల మందికి మించి చోటు లేకుండా. అది వచ్చేదాకా, వెళ్ళేవాళ్ళు దుప్పటి మడిచి చంకన పెట్టుకుని ముందుకి నడవండి, పాడేవాళ్ళ మెడ నరాలు కనిపించేంత దగ్గరికి.