తుపాకి నీతి, ఉచ్చు నేరం

వేటకో నీతి ఉందని చెప్పే రాతలు మనకు కొత్తగావు. మృగానికి తప్పించుకునే వీలివ్వాలి, చూలుదాన్ని కొట్టొద్దు, గాయపడ్డదాన్ని వదిలెయ్యొద్దు, వలలో పడ్డ చేపపిల్లను మళ్లీ నీళ్లలో వదలాలి అంటాయవి. మంచి మాటలే. కానీ ఈ నీతి ఎవరి పేరున నిలిచింది, నేరం ఎవరి నెత్తిన పడింది? మేమడిగేది ఇదే.

1902లో వైస్రాయ్ కర్జన్ నిజాం రాజ్యంలో పులివేటకొచ్చాడు. చచ్చిన పులితో దంపతులు దిగిన ఫోటో ఇప్పటికీ పుస్తకాల్లో కనబడుతుంది. అడవిని చుట్టేసి పులిని తోలినోళ్లు అందులో కనబడరు. ఆనాటి తెలంగాణలో అధికారుల మకాములకు వెట్టి చేసే భారం ఎక్కువగా మాల మాదిగల మీదనే పడేది. తుపాకి పట్టినోడిది క్రీడ అయింది, తోలినోడిది చాకిరీ అయింది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా మొదట లైసెన్సు వేటను ఒప్పుకుంది. 1991 సవరణతో గానీ అది పోలేదు. ఉచ్చు, బోను, విషం ఆ చట్టం లెక్కలో వేటే. గని కోసం అడవిని పెళ్లగించడం మాత్రం వేట కాదు. సింగరేణి నేలలో ఓపెన్‌కాస్టుకు అటవీభూమి కావాలంటే 1980 చట్టం కింద కేంద్రం అనుమతిస్తుంది, బదులుగా మొక్కలు నాటమంటుంది. కుందేలుకు ఉచ్చు పెట్టినోడు జైలుకు పోతడు, కుందేలు తిరిగిన అడవి ఫైలు మీద పోతది.

మేం ఉచ్చును వెనకేసుకు రావడం లేదు. కరెంటు తీగ పెడితే పులీ చస్తది, చేనుకు పోయే కూలీ చస్తడు. మా తగాదా తూకం గురించి.

2006 అటవీ హక్కుల చట్టం వేటను మినహాయించి, చేపల మీద హక్కునిచ్చింది. అయితే అడవి ఊళ్లలోని నేతకాని, మాల, మాదిగ కుటుంబాలు ఆ హక్కు పొందాలంటే 2005 డిసెంబర్ 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడున్నట్టు రుజువు చూపాలి. పట్టా కాగితమే ఎరగని వాడకు తాతల నాటి రుజువు ఎక్కడిది?

ఆ చట్టం నియమాలే ఊరి పెద్దల వాంగ్మూలాన్ని రాతలో పెడితే సాక్ష్యమన్నాయి. ఆ పెద్దలు వెళ్లిపోకముందే కార్యకర్తలు, విద్యార్థులు, టీచర్లు వాడవాడకూ పోయి ఆ మాటలు రాయాలి. సంరక్షణ విలువల మీద వాదన అక్కడ మొదలుకావాలి.