గీతపడిన పంక్తులు

న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో జెఫర్‌సన్ స్వదస్తూరీతో రాసిన అమెరికా స్వాతంత్ర్య ప్రకటన ప్రతి వొకటి ఉంది. జులై 4 దగ్గరపడినప్పుడు కొన్ని సంవత్సరాలలో దాన్ని ప్రజలకు చూపుతూ వచ్చారు. మసక వెలుతురులో, అద్దాల పెట్టెలో దేవుడి విగ్రహంలాగా పెట్టే పత్రాలంటే నాకు కొంత అనుమానం. జనం మొక్కి వెళ్ళిపోతారు గాని చదవరు. ఈ ప్రతి సంగతి వేరు. 1776 జులై 4న ప్రకటనను ఆమోదించిన కాంగ్రెసు తన రచనను నరికివేసిందన్న బాధతో, ఆ వెంటనే కొద్ది రోజులలో జెఫర్‌సన్ తన పాఠానికి కొన్ని ప్రతులు రాసి, సభ మార్చినచోట్ల కింద గీతలు గీశాడు. అంటే యిది పాఠాంతరాలు తెలిపే ప్రతి. తాళపత్రాలతో కుస్తీపట్టే మన పండితులకు ఇంతకంటె కావలసిందేముంది!

గీతపడినవాటిలో పెద్దది బానిస వ్యాపారాన్ని ఖండించిన భాగం. దక్షిణ కారొలైనా, జార్జియాల కోసం అది పోయిందని, బానిసలను ఓడలలో చేరవేసిన ఉత్తరాదివారికీ అది రుచించలేదని జెఫర్‌సనే తరువాత రాశాడు. యిక్కడినుంచి ఉదారవాదుల కథ మొదలవుతుంది: జెఫర్‌సన్ అంతరాత్మ గొప్పది, సభ పిరికిది అని. ఆ భాగాన్ని చివరిదాకా చదివితే ఈ కథ నిలవదు. బానిస వ్యాపారపు పాపమంతా ఇంగ్లండు రాజు నెత్తిన రుద్దిన ఆ వాక్యాలే, చివరకు వచ్చేసరికి, అదే రాజు బానిసలకు స్వేచ్ఛను ఆశచూపి యజమానులపైకి ఉసిగొల్పుతున్నాడని మరో నేరం మోపుతాయి. 1775 నవంబరులో వర్జీనియా గవర్నరు డన్మోర్, తిరుగుబాటుదారుల బానిసలు తన సేనలో చేరితే విముక్తి యిస్తానని ప్రకటించాడు. నేరమన్నది దీన్నే. జీవితకాలంలో 600 మందికి పైగా మనుషులను ఆస్తిగా ఉంచుకొన్నవాడి కలం యింకెట్లా నడుస్తుంది? సభ వ్యాపారంపై నిందను కొట్టివేసింది. బానిసల తిరుగుబాటు భయాన్ని మాత్రం చిన్న పలుకుబడిలోకి కుదించి ఉంచుకొంది. స్థానిక ఇండియన్ జాతులను క్రూరులని తిట్టిన మాటను సభ తొలగించనే లేదు. యిక 1787 నాటి రాజ్యాంగం 1808 దాకా బానిసల దిగుమతిని ఆపే అధికారం కాంగ్రెసుకు లేకుండా చేసింది.

అట్లాగని, మన మిత్రులు కొందరు అనేటట్లు, తోటల యజమానుల కాగితమని దీన్ని పక్కకు నెడదామా? నేనొప్పను. ప్రకటన వెలువడి ఆరు నెలలు దాటీ దాటకముందే, 1777 జనవరిలో, ప్రిన్స్ హాల్ మొదలైన నల్లజాతివారు మసాచుసెట్స్ శాసనసభకు అర్జీ పెట్టుకొన్నారు. బ్రిటన్‌పై మీరు చెప్పుకొనే ప్రతి సూత్రమూ మా విముక్తికే బలంగా వాదిస్తున్నదే, అది మీకు తట్టలేదా అన్నది వారి ప్రశ్న. రాసినవారు తలపెట్టని అర్థాన్ని బానిసలు ఆ మాటలనుంచి పిండారు. 1945 సెప్టెంబరు 2న హనోయ్‌లో హో చి మిన్ వియత్నాం స్వాతంత్ర్య ప్రకటనను ఈ పత్రంలోని మాటలతోనే మొదలుపెట్టాడు. ఆ మాటలు తమ సొత్తనుకొన్న ప్రభుత్వాలు తరువాత ఆ దేశంపై బాంబులు కురిపించాయి.

ఆ గ్రంథాలయానిదే మరో సంగ్రహం హార్లెంలో ఉంది. పోర్టోరికోలో పుట్టిన నల్లజాతి పుస్తకప్రియుడు షోంబర్గ్ కూర్చినదాన్ని 1926లో కార్నెగీ సొమ్ముతో కొన్నారు. యిట్లాంటి ప్రదర్శన ఏర్పాటు చేసేవారిని నేనడిగేది పెద్దదేమీ కాదు. జెఫర్‌సన్ ప్రతి పక్కన డన్మోర్ ప్రకటననూ, మసాచుసెట్స్ అర్జీనీ, కనీసం నకళ్ళైనా పెట్టాలి. గీతపడిన భాగమంతా, ఆఖరి వాక్యంతో సహా, దూరంనుంచి కూడా కనిపించే అక్షరాలలో గోడమీద అచ్చువేయించాలి.