జబ్బు తగ్గిన తరువాతి కథ: బాల్య క్యాన్సర్ కథనాలు – కుటుంబ స్మృతి

వ్యాససంగ్రహం:
ప్రసిద్ధి పొందిన తెలుగు చలనచిత్రాల్లో క్యాన్సర్ త్యాగానికో మరణానికో నిమిత్తంగా కనిపిస్తుంది. చికిత్స పొంది బతికిన బిడ్డ కథకు ఆ చట్రంలో చోటు లేదు. ఈ లోటు భాషలోనూ కుటుంబ స్మృతిలోనూ ఎలా వ్యక్తమవుతుందో, దాని పర్యవసానం ఏమిటో నానక్‌రామ్‌గూడ నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: బాల్య క్యాన్సర్, రోగ కథనం, కుటుంబ స్మృతి, యల్లాప్రగడ సుబ్బారావు, నానక్‌రామ్‌గూడ.

1. ఉపోద్ఘాతం:
‘ప్రేమాభిషేకం’ (1981)లో నాయకుడు తన క్యాన్సర్‌ను దాచి, ప్రేయసి తనను అసహ్యించుకొనేలా ప్రవర్తిస్తాడు. ‘మాతృదేవోభవ’ (1993)లో రక్త క్యాన్సర్ వచ్చిన తల్లి తన పిల్లలను పరాయి ఇళ్ళకు అప్పగిస్తుంది. రెండింటా రోగి పెద్ద వయసు వ్యక్తే. రెండవ చిత్రంలోని పిల్లలు రోగం వల్ల దిక్కులేనివారవుతారు తప్ప రోగులు కారు. రోగాన్ని రూపకంగా మార్చడం వల్ల రోగికి కలిగే హానిని సూసన్ సాంటాగ్ 1978లోనే చర్చించారు. ఈ చిత్రాల్లో ఆ హాని మరో రూపం దాల్చింది. క్యాన్సర్ అనగానే చావే స్ఫురిస్తుంది గాని, దానితోనో దాని తరువాతనో సాగే బతుకు ఊహకు అందదు.

2. తొలి ఉపశమనం – తెలుగు శాస్త్రవేత్త:
వాస్తవ చరిత్ర ఇందుకు భిన్నమైనది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) నేతృత్వంలో లెడర్లీ ప్రయోగశాల ఫోలిక్ ఆమ్ల నిరోధకాలను రూపొందించింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకు ఇచ్చాడు. 16 మందిలో 10 మందికి తాత్కాలికంగా మెరుగైనట్లు 1948 జూన్‌లో ప్రకటించాడు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు మరణించారు. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ ఈ పిల్లల చికిత్సలో భాగం.

ఆ తొలి పిల్లల్లో ఒకడైన రాబర్ట్ సాండ్లర్ (1945–1948)కు సిద్ధార్థ ముఖర్జీ తన ‘ద ఎంపరర్ ఆఫ్ ఆల్ మాలడీస్’ (2010) గ్రంథాన్ని అంకితమిచ్చారు. మందు పనిచేసిన కొన్ని నెలలు అతడు తిరిగి ఆటపాటల్లో పడటాన్ని ముఖర్జీ వర్ణించారు. మరణంతో ముగిసినా ఆ కథ మరణం కోసం చెప్పినది కాదు. ‘బిడ్డ కోలుకోగలడు’ అన్న ఊహ అందులో మొదటిసారి రూపుదిద్దుకుంది. ఆ ఊహ వెనుక ఒక తెలుగువాడి కృషి ఉన్నా, ఆ ఊహకు తగిన కథనం తెలుగులో బలపడలేదు.

3. పదాల కొరత:
ఈ కొరత పదజాలంలోనూ తెలుస్తుంది. వ్యాధి లక్షణాలు మాయమైన స్థితికీ, నయం కాని రోగికి బాధ తగ్గించే చికిత్సకూ తెలుగులో ‘ఉపశమనం’ అన్న మాటనే వాడుతున్నారు. ఒకటి ఆశాసూచకం, రెండవది అంత్యకాలాన్ని గుర్తుచేసేది. బతికిన వ్యక్తిని పత్రికలు ‘క్యాన్సర్‌ను జయించిన’ వ్యక్తి అంటాయి. మూడేళ్ళ బిడ్డ యుద్ధం చేయదు, సూదిమందుకు ఏడుస్తుంది. పైగా ‘జయం’ అనే మాట, ఆ తరువాత కథ లేదని సూచిస్తుంది. బతకనివారు ఓడిపోయారన్న ధ్వని కూడా అందులో ఉంది.

ఆర్థర్ ఫ్రాంక్ 1995లో రోగ కథనాలను పునఃప్రాప్తి, అస్తవ్యస్తం, అన్వేషణ అని మూడుగా విభజించారు. ఆయన విశ్లేషణకు కేంద్రం తన కథ తానే చెప్పుకొనే రోగి. పసితనంలో చికిత్స పొందిన వ్యక్తికి ఆ జ్ఞాపకమే మిగలకపోవచ్చు. అనుభవం బిడ్డ శరీరానిది, కథ తల్లిదండ్రులది. కాబట్టి ఇక్కడ కుటుంబాన్ని కూడా కథకునిగా పరిగణించవలసి ఉంటుంది.

4. నానక్‌రామ్‌గూడ – దాచిన కథ:
నానక్‌రామ్‌గూడలో రెండు రకాల కుటుంబాలు పక్కపక్కనే బతుకుతున్నాయి. అద్దాల భవనంలో పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి సంస్థ ఇచ్చే ఆరోగ్య బీమా, దగ్గరలోనే కార్పొరేట్ ఆసుపత్రి ఉంటాయి. ఆ భవనాలను కట్టే కూలీకి రెడ్‌హిల్స్‌లోని ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి దిక్కు. రెండు మూడేళ్ళు సాగే ల్యుకేమియా చికిత్సలో మొదటివారికి ఉద్యోగం పోతుందన్న భయం, రెండవవారికి రోజుకూలీ పోతుందన్న భయం. సంపన్న దేశాల్లో 80 శాతానికి పైగా పిల్లలు కోలుకుంటుండగా, అల్పాదాయ, మధ్యాదాయ దేశాల్లో 30 శాతం లోపే కోలుకుంటున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడంలోని అర్థం ఈ అంతరంలో కనిపిస్తుంది.

అయితే చికిత్స ముగిశాక ఈ రెండు ఇళ్ళూ ఒకే మౌనంలోకి వెళ్ళే అవకాశం ఉంది. బడిలో బిడ్డను వేరుగా చూస్తారేమోనని, ఆడపిల్లయితే రేపు సంబంధాలు కుదరవేమోనని పెద్దలు సంగతి దాచిపెడతారు. ఆ మౌనం ప్రేమ నుంచి పుట్టినదే. కానీ డోక్సోరుబిసిన్ వంటి మందుల ప్రభావం ఏళ్ళ తరువాత గుండె మీద కనిపించవచ్చు. కొన్ని చికిత్సల వల్ల ఎదుగుదల, సంతానయోగ్యత దెబ్బతినవచ్చు. తాను ఏ మందులు, ఎంత మోతాదులో పొందిందో తెలియని యువతి పాతికేళ్ళ వయసులో వైద్యునికి ఏమి చెప్పగలదు? కాగితాలు పోయి, తల్లి మాట మూగబోయిన చోట ఆమె దేహ చరిత్రే చెరిగిపోతుంది. ‘ప్రేమాభిషేకం’ నాయకుడు దాచిన రహస్యం త్యాగమై ప్రేక్షకుల కన్నీరు పొందింది. బతికిన బిడ్డ విషయంలో అదే రహస్యం ప్రమాదం.

5. ముగింపు:
బాల్య క్యాన్సర్ కథనానికి మరణమూ విజయమూ మాత్రమే ముగింపులు కావు. ఏటేటా చేయించే పరీక్ష, అది తెచ్చే ఆందోళన, తిరిగి బడి, ఉద్యోగం, పెళ్ళి మాటలు కూడా ఆ కథలోని భాగాలే. వీటిని చెప్పే రచన కరుణరసానికే పరిమితం కానక్కరలేదు. చికిత్స వివరాల కాగితాన్ని ఆసుపత్రి భద్రంగా అందించాలి. దానిని వయసుకు తగిన మాటల్లో బిడ్డకు అప్పగించవలసినది కుటుంబం. ఆ మాటలను సమకూర్చే బాధ్యత తెలుగు సాహిత్యానిది.